ఇంటి కార్ఖానాకు బ్యాండ్ సా: మంచిచెడ్డలు ఎంచే పద్ధతి

చేతిపనివారికి పనిముట్లు కొనిపెట్టే దాతలు మన పట్టణాల్లో ఏటేటా పెరుగుతున్నారు. మొదట కుట్టు మిషన్లు ఇచ్చేవారు, తర్వాత వెల్డింగ్ సెట్లు, ఇప్పుడు వడ్రంగం చేసుకునే కుర్రవాళ్ళకు బ్యాండ్ సా మిషన్లు. కుట్టు మిషను సంగతి మన ఇళ్ళలో ఆడవాళ్ళు నాలుగు కుట్లు వేసి చూసి చెప్పేస్తారు. బ్యాండ్ సా దగ్గరికి వచ్చేసరికి కొనేవారికి తెలియదు, అమ్మేవారిలోనూ తెలిసినవారు తక్కువ. అలా తెలియకుండా మేము ఒకసారి కొన్నాం. ఆ కథ ముందు చెబితేనే తర్వాత చెప్పే పాఠం అర్థమవుతుంది.

మా బడిలో పదో తరగతి వరకు చదివిన ఒక అబ్బాయి, తండ్రి దగ్గర వడ్రంగం నేర్చుకుని ఇంటి వెనక రేకుల షెడ్డులో రెహళ్ళు చేసేవాడు. ఒకే పలకలోంచి తీసిన, మేకు గానీ అతుకు గానీ లేని పాతకాలపు రకం. దాన్ని చేసే తీరు తెలియనివారి కోసం చెబుతున్నాం. సుమారు అంగుళం మందం పలక తీసుకుని, నడుమకు కాస్త పక్కగా మడత వచ్చేచోట గళ్ళు గీస్తారు. ఆ గళ్ళను రెండు వైపుల నుంచీ ఉలితో తొలుస్తారు. తర్వాత పలకను అంచు మీద నిలబెట్టి, మందాన్ని సరిగ్గా రెండుగా చీలుస్తూ, రెండు కొసల నుంచి మడత దాకా రంపంతో కోస్తారు. అంతా కుదిరితే పలక పుస్తకంలా తెరుచుకుంటుంది. ఆ చీల్చే పనే కష్టం. చేతిరంపంతో అతనికి రోజుకు రెండు రెహళ్ళు దాటేవి కావు.

ఏడుగురు ఉపాధ్యాయులం కలిసి తలా కొంత వేసుకుని బ్యాండ్ సా కొనిపెట్టాలనుకున్నాం. కొట్లో రెండు మిషన్లు ఉన్నాయి. మేము ఏం చూశామో దాచుకోకుండా చెబుతాం: రంగు చూశాం, అంటించిన కాగితం మీద హార్స్ పవర్ అంకె చూశాం, ఏది పెద్దదైతే అది కొన్నాం. పని చేసే అబ్బాయిని వెంట తీసుకువెళ్ళలేదు. అతన్ని ఆశ్చర్యపరచాలని మా సరదా.

నెల తిరక్కుండానే అతను బడికి వచ్చాడు. "సార్, నాలుగు టేకు పలకలు పోయాయి. పైన గీత మీదే పోతోంది, కింద కూడా గీత మీదే ఉంది. విప్పి చూస్తే మధ్యలో ఒక రెక్క పల్చన, ఒక రెక్క మందం." ఎవరెవరినో అడిగాం. మిషను మంచిది కాదన్నారు. సగం ధరకు అమ్మించేశాం. అతను మళ్ళీ చేతిరంపం పట్టుకున్నాడు. కొన్నాళ్ళకు అది కూడా మానేసి ఫర్నిచర్ షాపులో రోజుకూలికి చేరాడు.

రెండేళ్ళ తర్వాత పక్క ఊళ్ళో ఒక పెళ్ళికి వెళ్ళి, మంచాల కోళ్ళు చేసే ఒక మేస్త్రీ షెడ్డులో అదే మిషన్ను చూశాం. రంగు మీది గీతతో సహా గుర్తుపట్టాం. ఆరంగుళాల పలకను చీపురుపుల్ల మందాన నిలువునా చీలుస్తున్నాడు. ఏం బాగుచేయించావని అడిగితే, "ఏమీ చేయించలేదు సార్. పట్టీ మార్చాను, గైడ్లు సరిచేశాను" అన్నాడు.

ఆ రోజు నుంచి మేము ఈ యంత్రాన్ని పాఠంలా చదివాం. చదివినదాంట్లో పనికొచ్చేది కింద రాస్తున్నాం.

అంకెల్లో దేన్ని నమ్మాలి

బ్యాండ్ సా అంటే రెండు చక్రాల మీద తిరిగే పళ్ళ పట్టీ. పై చక్రం పట్టీని బిగించి పట్టుకుంటుంది, కింది చక్రాన్ని మోటారు తిప్పుతుంది. "పద్నాలుగు అంగుళాల మిషను" అంటే పద్నాలుగు అంగుళాల చెక్క కోస్తుందని కాదు, చక్రం అడ్డం కొలత అంత అని. ఈ ఒక్క మాట తెలియక కొన్నవాళ్ళు చాలామంది. మామూలు 14 అంగుళాల మిషనులో బల్ల మీద నిలబెట్టి కోయగలిగే ఎత్తు 6 అంగుళాలు. స్తంభానికి దిమ్మ వేసి ఎత్తు పెంచే వీలున్న రకమైతే 12 అంగుళాల దాకా పోతుంది. బల్ల మీద పెట్టుకునే 9, 10 అంగుళాల చిన్న మిషన్లలో చాలావాటికి ఆ ఎత్తు 4 అంగుళాల చుట్టుపక్కలే. మా అబ్బాయి రెహల్ వెడల్పు 6 అంగుళాలు. ఎనిమిది అంగుళాల రెహల్ అడిగేవారు వస్తే ఆ మిషను మీద చీల్చడం కుదరదు. కనుక కొనేముందు అడగవలసిన మొదటి ప్రశ్న మిషను గురించి కాదు: నువ్వు కోసే అతి వెడల్పైన పలక ఎంత?

హార్స్ పవర్ అంకెను కాస్త అనుమానంతో చూడాలి. ఒక హార్స్ పవర్ అంటే 746 వాట్లు. కాగితం మీద 750 వాట్లు అని ఉంటే, అది మోటారు కరెంటు లాగే లెక్కా, ఇరుసు దగ్గర ఇచ్చే లెక్కా అని అడగండి. లాగే లెక్కైతే చేతికొచ్చేది సుమారు మూడింట రెండు వంతులే. ప్లేటు మీద ఎస్1 అని ఉంటే ఆ మోటారు ఆపకుండా ఆ బలంతో పనిచేయగలదు. ఎస్6, 40 శాతం అని ఉంటే పదినిమిషాల్లో నాలుగు నిమిషాలే ఆ బరువు మోయగలదు, మిగతా సమయం ఖాళీగా తిరగాలి. రెండు మిషన్ల మీదా ఒకే అంకె ఉన్నా రెండూ ఒకటి కాదు. ఆరంగుళాల పలకలు చీల్చడానికి నిజమైన ఒక హార్స్ పవర్ సరిపోతుంది, నిదానంగా తోస్తే.

గల్ఫ్ నుంచి కార్గోలో మిషను పంపించే బంధువులు మనవాళ్ళలో ఉన్నారు కనుక ఇంకొక మాట. మన కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. సౌదీలో 60 హెర్ట్జ్, అమెరికాలో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. 60 హెర్ట్జ్ మోటారు ఇక్కడ ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది, వేడి ఎక్కువ పుడుతుంది. తక్కువ వోల్టుల రకమైతే తగిలించిన రోజే కాలిపోతుంది. పంపేముందు ప్లేటు ఫోటో తెప్పించుకోండి.

పట్టీ సంగతి

ఈ యంత్రం ఆలోచన పాతదే. 19వ శతాబ్దం మొదట్లోనే ఇంగ్లండులో విలియం న్యూబెరీ అనే ఆయన దీనికి పేటెంటు పొందాడు. అయినా దశాబ్దాలపాటు అది పనిలోకి రాలేదు. పట్టీ రెండు కొసలను అతికితే ఆ అతుకు చక్రం మీద వంగి వంగి తెగిపోయేది. 1846లో ఫ్రాన్సుకు చెందిన ఆన్ పోలిన్ క్రెపాన్ అనే స్త్రీ తెగకుండా అతికే పద్ధతికి పేటెంటు అడిగింది. ఆ హక్కును పారిస్‌లోని పెరాన్ కంపెనీ తీసుకుని, మెరుగైన ఉక్కు వాడాక గానీ బ్యాండ్ సా కార్ఖానాల్లోకి రాలేదు.

అతుకు ఎంత బాధ పడుతుందో లెక్కవేసి చూపుతాం, లెక్కల మాస్టారు మన్నించాలి. 14 అంగుళాల మిషనులో పట్టీ నిమిషానికి సుమారు 3,000 అడుగుల వేగంతో పోతుంది. పట్టీ పొడవు 93½ అంగుళాలు, అంటే ఎనిమిది అడుగులకు కాస్త తక్కువ. నిమిషానికి దాదాపు 385 చుట్లు. చుట్టుకు రెండు చక్రాల మీద రెండుసార్లు వంగాలి. నిమిషానికి 770 వంపులు. చక్రం చిన్నదయ్యేకొద్దీ వంపు బిగుసుతుంది, అందుకే చిన్న మిషన్లలో మందం పట్టీ వేస్తే త్వరగా తెగుతుంది, వాటికి పల్చటి పట్టీయే వేయాలి.

అతుకును ఇలా చూడాలి. కరెంటు తీసేసి, పట్టీ వీపు మీద, పళ్ళ వైపు కాదు, వేలు పోనివ్వండి. అతుకు దగ్గర మెట్టు తగలకూడదు. మిషను ఆడుతున్నప్పుడు గడియారంలా టక్ టక్ అని వరుసగా వినిపిస్తే అది అతుకే, ప్రతి చుట్టుకూ గైడుకు తగులుతోంది.

ఇక పళ్ళు. ఎప్పుడూ కనీసం మూడు పళ్ళు చెక్కలో ఉండాలి, లేకపోతే పళ్ళు విరుగుతాయి. మరీ ఎక్కువైనా ముప్పే. మేము కొన్న మిషనుతో వచ్చిన పట్టీకి అంగుళానికి పది పళ్ళు. ఆరంగుళాల పలకలో ఒకేసారి అరవై పళ్ళు పడుతున్నాయన్నమాట. పళ్ళ మధ్య సందుల్లో పొట్టు నిండిపోయి, బయటికి పోయే దారిలేక పట్టీ వేడెక్కుతుంది, ముందుకు పోలేక పక్కకు ఉబ్బుతుంది. పైనా కిందా గైడ్లు పట్టుకున్నచోట గీత మీదే ఉంటుంది, మధ్యలో మాత్రం పొట్ట వస్తుంది. మా అబ్బాయి చెప్పింది అక్షరాలా ఇదే. మేమే విని అర్థం చేసుకోలేదు. చీల్చే పనికి అంగుళానికి మూడు పళ్ళున్న అరంగుళం వెడల్పు పట్టీ వేస్తే చెక్కలో పద్దెనిమిది పళ్ళే ఉంటాయి. ఆ పక్క ఊరి మేస్త్రీ వేసింది అదే.

రెహల్ కాళ్ళ దగ్గర వంకీలు కోయడానికి మాత్రం అరంగుళం పట్టీ పనికిరాదు. అది తిరగగలిగే వంపు వ్యాసార్థం 2½ అంగుళాలు. పావంగుళం పట్టీ 5/8 అంగుళం వ్యాసార్థంలో తిరుగుతుంది. అంటే ఒక్క మనిషి ఒక్క వస్తువు చేయడానికే రెండు రకాల పట్టీలు కావాలి. పైగా మన టేకులో సహజంగా ఇసుక అంశ ఉంటుంది, పళ్ళ పదును త్వరగా పోతుంది. ఏటికొప్పాక బొమ్మలవారి అంకుడు, కొండపల్లివారి పొణికి వంటి మెత్తటి కర్ర కోసేవారికి ఈ బాధ తక్కువ. అందుకే దాతలకు మేము చెప్పేది ఇది: మిషనుకని తీసిన సొమ్ములో కనీసం ఐదో వంతు పట్టీలకు విడిగా ఉంచండి. మిషను ఇచ్చి పట్టీలకు డబ్బివ్వకపోవడం, బడి కట్టి సుద్దముక్కలు కొనకపోవడం లాంటిది.

మిషను లోపం ఎక్కడ తెలుస్తుంది

ఇంత చెప్పాక అన్ని మిషన్లూ ఒకటే, పట్టీలోనే అంతా ఉంది అనుకోకూడదు. పట్టీని నిటారుగా, బిగువుగా పట్టి ఉంచడమే మిషను పని. అరంగుళం వెడల్పు, 0.025 అంగుళం మందం పట్టీని చదరపు అంగుళానికి 15,000 పౌన్ల బిగువుతో లాగితే, పట్టీ రెండు వైపులా కలిపి పై చక్రం ఇరుసు మీద 170 కిలోల దాకా బరువు పడుతుంది. ఇద్దరు భారీ మనుషులు పై చక్రానికి వేలాడినట్టు. పల్చటి రేకు మడిచి చేసిన స్తంభం ఆ బరువుకు కాస్త వంగుతుంది. వంగిందా, రెండు చక్రాలూ ఒకే వరసలో ఉండవు. పోత ఇనుము స్తంభమైనా, మందపాటి ఉక్కు పెట్టెలా అతికిన స్తంభమైనా సరే, గట్టిగా ఉండాలి. బిగించే మరను తిప్పుతూ స్ప్రింగును చూడండి. అరంగుళం పట్టీకి తగిన బిగువు రాకముందే చుట్లు ఒకదానికొకటి ఆనుకుంటే ఆ స్ప్రింగు చాలదు. పాత మిషన్లలో ఇది మామూలు జబ్బే, స్ప్రింగు మారిస్తే పోతుంది.

రెండోది గైడు కమ్మీ. కొట్లో ఎవరూ చూడనిది ఇదే. చెక్క ఎత్తును బట్టి పై గైడును దించుతూ ఎత్తుతూ ఉండాలి. కింద ఉన్నప్పుడు పట్టీకి గైడుకు మధ్య ఒక కాగితం మందం సందు ఉంచి, ఆరంగుళాలు పైకెత్తి మళ్ళీ చూడండి. అదే సందు ఉంటే మిషను శ్రద్ధగా చేశారు. ఒక వైపు ఒరుసుకుంటూ మరో వైపు సందు పెరిగితే, ఆ మనిషి ప్రతి చెక్కకూ గైడ్లు మళ్ళీ సరిచేసుకుంటూ బతకాలి. గైడు బేరింగులా, లోహపు దిమ్మలా అన్నది అంత ముఖ్యం కాదు, రెండింటితోనూ చక్కగా కోసినవారిని చూశాం.

మూడోది చక్రాలు. ప్లగ్గు తీసి, తలుపులు తెరిచి, పై చక్రాన్ని చేత్తో తిప్పండి. అంచు దగ్గర పెన్సిలు కదలకుండా పట్టుకుంటే చక్రం అటూ ఇటూ ఊగేదీ, ఎత్తుపల్లాలూ తెలుస్తాయి. చక్రం మీది రబ్బరు టైరును గోటితో నొక్కితే మెత్తగా దిగి తిరిగి రావాలి. పగుళ్ళుంటే మార్చాలి, అది పెద్ద ఖర్చు కాదు. చక్రమే ఊగుతుంటే ఎంత చవకైనా వదిలేయండి.

తర్వాత ప్లగ్గు పెట్టి ఆడించి, బల్ల మీద పది రూపాయల నాణేన్ని అంచు మీద నిలబెట్టండి. పడిపోతే వెంటనే మిషన్ను తప్పుపట్టవద్దు. కాళ్ళ కింద నేల ఎగుడుదిగుడా, పాత బెల్టు గట్టిపడి గంతులేస్తోందా చూడండి. అవి సరిగా ఉండి కూడా పడిపోతుంటే చక్రాల బరువు సమంగా లేదన్నమాట.

చివరి పరీక్ష కోత. దీనికి మీ పట్టీ మీరే కొత్తది తీసుకువెళ్ళండి, మీ చెక్క కూడా. మొదట బల్ల నిటారు చూడాలి. ఒక దిమ్మ అంచులో అరంగుళం లోతు కోసి, ఆపి, దిమ్మను బోర్లించకుండా అలాగే చుట్టు తిప్పి పట్టీ వెనకవైపు నుంచి తీసుకురండి. కోసిన గాడిలో పట్టీ వీపు హాయిగా దూరితే బల్ల సరిగ్గా నిటారుగా ఉంది. ఏ మాత్రం ఒరిగినా గాడి ఎదురు దిక్కుకు ఒరిగి దూరదు. మూలమట్టం లేకపోయినా ఈ పరీక్ష చేయవచ్చు. తర్వాత అడుగు పొడవు, ఆరంగుళాల వెడల్పు పలక నిలబెట్టి పావంగుళం రెక్క చీల్చండి. తొందరపడి తోయకూడదు. నాలుగు మూలలా మందం కొలవండి, స్కేలు అడ్డంగా పెట్టి పొట్ట ఉందేమో చూడండి. కోత మొత్తం ఒకే వైపు ఏటవాలుగా పోతే అది పట్టీ పళ్ళ తేడా, ఫెన్సును ఆ వాలుకు తిప్పితే సరిపోతుంది. పదునైన మూడు పళ్ళ పట్టీ, తగిన బిగువు, నిదానం తోపు ఉండి కూడా పొట్ట వస్తుంటే అప్పుడు మిషను లోపం. కోసి చూడనివ్వని కొట్టు నుంచి మర్యాదగా సెలవు తీసుకోండి.

పాత మిషన్లను తోసిపుచ్చవద్దు. రంగు వెలిసిన పోత ఇనుము మిషను, చక్రాలూ గైడు కమ్మీ బాగుంటే, బేరింగులూ టైర్లూ బెల్టూ మార్చి ఏళ్ళతరబడి వాడుకోవచ్చు. మా అనుభవంలో ధరను నిర్ణయించవలసిన ప్రశ్న మరొకటి ఉంది: ఈ పొడవు పట్టీని మన ఊళ్ళో అతికి ఇచ్చేవారున్నారా? కోతమిల్లులో పట్టీలకు సాన పెట్టే పనివాడిని అడిగితే చెబుతాడు. పట్టీ తెగిన ప్రతిసారీ విజయవాడకో హైదరాబాదుకో పంపవలసి వస్తే ఆ మిషను నెలలో పది రోజులు ఊరికే ఉంటుంది.

ఇంట్లో పెట్టే యంత్రం కనుక పిల్లల మాట మరచిపోకూడదు. వృత్తాకారపు రంపం చెక్కను మనిషి మీదకు విసరవచ్చు. బ్యాండ్ సా చెక్కను కిందకి బల్ల మీదికే నొక్కుతుంది, అందుకే ఇంటి పనికి ఇది మేలు. కానీ వేలుకు, చెక్కకు దానికి తేడా తెలియదు. పై గైడు చెక్కకు పావంగుళం పైనే ఉండాలి. గుండ్రటి కర్రను ఆధారం లేకుండా పెడితే గిర్రున తిరిగి చేతిని లాక్కుపోతుంది. లోతుగా కోసి వెనక్కి తీయవలసి వస్తే, రెహల్ పనిలో ప్రతిసారీ తీయాల్సిందే, మిషను ఆపి పూర్తిగా నిలిచాకే తీయాలి. ఆడుతుండగా లాగితే పట్టీ చక్రాల మీద నుంచి ఊడి వస్తుంది. తలుపులకు గొళ్ళెం, మూడు పిన్నుల ప్లగ్గుకు నిజమైన ఎర్తు, ముక్కుకు మాస్కు.

పోయినేడు మేము, ఏడుగురిలో మిగిలిన ఐదుగురం, మళ్ళీ డబ్బు వేసుకున్నాం. మూతపడిన ఫర్నిచర్ షాపులో తుప్పుపట్టిన 14 అంగుళాల పాత మిషను ఒకటి ఉందని తెలిసింది. ఈసారి అబ్బాయిని వెంటబెట్టుకుని వెళ్ళాం. మూడు పళ్ళ పట్టీ, వేప పలక మా సంచిలో ఉన్నాయి. టైర్లు పగిలి ఉన్నాయి, నాణెం రెండుసార్లు పడింది, పాత బెల్టు తీసి కొత్తది వేయించి చూస్తే నిలబడింది. గైడు కమ్మీ పైకీ కిందికీ ఒకే సందుతో నడిచింది. అతను పలక చీల్చి, రెక్కను వెలుతురుకు ఎత్తి పట్టుకుని, స్కేలు ఆనించి చూశాడు. మా వైపు తిరిగి ధర అడగమన్నట్టు తల ఊపాడు.

ఇప్పుడు రోజుకు ఏడెనిమిది రెహళ్ళు చేస్తున్నాడు. షాపులో కూలికి పోవడం మానలేదు, పొద్దున అక్కడ, సాయంత్రం షెడ్డులో. సాయంత్రాలు మా వీధిలో వోల్టేజి పడిపోతుంది కనుక చీల్చే పని తెల్లవారుజామున నమాజు అయ్యాక పెట్టుకుంటున్నాడు. చప్పుడు గురించి పక్కింటివారు ఒకసారి మాకు ఫిర్యాదు చేశారు. వెళ్ళి చూస్తే అతుకు దగ్గర టక్ టక్. పట్టీ మార్పించాం.